మీగడ డబ్బాకు పంచనామా

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను సంపాదించిన జ్ఞానమంతా పిండితే ఒక్క ముక్క మిగులుతుంది: పై అధికారి ఎదురుగా కూర్చుని క్యారియర్ మూత తీయకూడదు. ఆ ముక్క కూడా నాకు ముప్పై నాలుగో ఏడు చివర్లో, జరగాల్సిందంతా జరిగాక తెలిసింది. ముందే తెలిసి ఉంటే మా ఆవిడ త్రిపుర నాతో సవ్యంగా మాట్లాడుతూ ఉండేది.

మాది జిల్లా శీతలాహార పర్యవేక్షణ కార్యాలయం. పేరు విని భయపడకండి. ఐసు ఫ్యాక్టరీలు, చేపల కోల్డ్ స్టోరేజీలు, ఐస్‌క్రీము బళ్లు చల్లగా ఉన్నాయో లేదో చూడటం మా పని. చల్లగా ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు రాసి పై ఆఫీసుకు పంపుతాం. వాళ్లు ఆ కాగితాలను ఏం చేస్తారో ఇన్నేళ్లలో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. అక్కడ నేను సూపరింటెండెంటుని. పేరు అచ్యుతం.

మార్చిలో మాకు కొత్త జిల్లా అధికారి వచ్చారు, కోదండపాణి గారని. నలభై లోపు మనిషి. చేరిన వారానికే పది రోజుల శిక్షణకు వెళ్లి, అక్కడినుంచి ‘శీతల గొలుసు’ అనే మాట ఒకటి పట్టుకొచ్చారు. పాలు పితికిన దగ్గర్నుంచి గొంతు దిగేదాకా చల్లదనం ఎక్కడా తెగకూడదట. తెగితే ఆ సందులోంచి సూక్ష్మజీవులు దూరతాయట. చేపలకీ ఇదే చెప్పేవారు, సంతకం కోసం వచ్చిన వాచ్‌మన్‌కీ ఇదే చెప్పేవారు.

ఏప్రిల్ చివర్లో ఓ మధ్యాహ్నం ఇద్దరం ఆయన గదిలో భోజనానికి కూర్చున్నాం. నా క్యారియర్‌లో ముద్దపప్పు, ఆవకాయ, చిన్న స్టీలు డబ్బాలో నెయ్యి. ఆ డబ్బా మూత తీసేసరికి ఆయన చపాతీ తుంచడం ఆపి అటే చూశారు. ఎదుటి మనిషి అలా చూస్తుంటే తినే అలవాటు మా ఇళ్లలో లేదు. రెండు చెంచాలు ఆయన పళ్లెంలో వేశాను.

“ఎక్కడిదండీ ఇది?” అన్నారు, కళ్లు మూసుకుని.

“ఇంట్లోదేనండి” అని ఊరుకుంటే సరిపోయేది. కానీ పెళ్లాం చేతి వంటను ఎవరైనా మెచ్చుకుంటే మగవాడి నోరు ఒకంతట ఆగదు.

“మా ఆవిడ రోజూ పాలు కాచి, చల్లారాక మీగడ తీసి ఫ్రీజర్‌లో డబ్బాలో వేస్తుందండి. ఇరవై రోజులకి డబ్బా నిండుతుంది. సాయంత్రం తీసి బయట పెడితే గడ్డంతా కరుగుతుంది. చెంచాడు పెరుగు వేసి తోడు పెడుతుంది. పొద్దుటికి పులుస్తుంది. అప్పుడు చన్నీళ్లు పోసి చిలికి, వెన్న తీసి కాస్తుందండి. దించబోయే ముందు ఓ రెబ్బ మునగాకు.”

ఆయన పళ్లెం పూర్తిగా ఖాళీ చేశాక ముఖం గంభీరంగా పెట్టారు.

“అంటే, గడ్డ కట్టించి, కరిగించి, పులియబెట్టి.”

“అవునండి.”

“ఇరవై రోజుల కిందటి మీగడా, నిన్నటి మీగడా ఒకే డబ్బాలోనా?”

“ఒకే డబ్బా అండి.”

“డబ్బా మీద తేదీ?”

“మా ఆవిడకి గుర్తుంటుందండి.”

ఆయన చెయ్యి కడుక్కొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. “శీతల గొలుసు మన వంటిళ్లలోనే తెగుతోంది అచ్యుతం గారూ. మనం చేపల వెంట పడుతున్నాం” అన్నారు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట నాలుగింటికల్లా సర్క్యులర్ అయింది. డ్రాఫ్టు రాసిందీ నేనే. ‘గృహస్థాయిలో ఘనీభవింపజేయబడి, తదుపరి ద్రవీభవింపజేయబడుచున్న మీగడ విషయమై ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా’ అని మొదలవుతుంది. ఏడు రోజులు దాటిన మీగడను ఇంటి ఫ్రీజర్‌లో ఉంచరాదు. ఉన్నచో స్వాధీనపరచుకుని, నమూనా పరీక్ష జరిపి, నివేదిక రాష్ట్రస్థాయికి పంపబడును. ముందుగా ఈ కార్యక్రమం కార్యాలయ సిబ్బంది గృహములయందే ప్రారంభించబడును. సంతకం కోసం తీసుకెళ్తే ఆయన చివర్లో ఒక వాక్యం కలిపారు: ‘తొలి తనిఖీ సూపరింటెండెంటు గారి గృహమునందు ఆదివారం ఉదయం పది గంటలకు.’

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మాయి శ్రావ్య పురిటికి వచ్చి, పిల్లాడితో మా ఇంట్లోనే ఉంది. మే నెలాఖరులో మనవడి అన్నప్రాశన. అల్లుడి తల్లి మాణిక్యాంబ గారు పాలకొల్లు నుంచి ఫోన్ చేసి, “ఎందుకు వదినగారూ మీగడలూ చిలకడాలూ, ఈ రోజుల్లో ప్యాకెట్ నెయ్యే శుభ్రం. రెండు కిలోలు నేను పట్టుకొస్తాను, మీరేం శ్రమ పడకండి” అన్నారు. మర్యాదగానే అన్నారు. ఫోన్ పెట్టేశాక త్రిపుర వంటింట్లో గిన్నెలు కడిగిన తీరును బట్టి మర్యాద ఎంతవరకూ చేరిందో నాకు అర్థమైంది.

“నా మనవడి నోట్లో మొదటి ముద్ద నా చేతి నేతితోనే పడాలి. ఆవిడ ఎదురుగా పడాలి” అంది త్రిపుర. ఆ రోజునుంచి పూటకు లీటరు గేదెపాలు ఎక్కువ వాడుక పెట్టింది. పాలు పొంగకుండా సిమ్‌లో పెట్టి, చల్లారేదాకా పక్కనే కూర్చుని, మందంగా కట్టిన మీగడను చెంచాతో ఎత్తి డబ్బాలో వేసేది. సర్క్యులర్ వచ్చేనాటికి పద్దెనిమిది రోజుల మీగడ ఉంది. సర్క్యులర్ సంగతి నేను శనివారం సాయంత్రం దాకా చెప్పలేదు. చెప్పాక ఆవిడ నన్ను కిందినుంచి పైకి ఒకసారి చూసి, “క్యారియర్‌లో సోమవారం నుంచి మజ్జిగన్నం” అంది.

ఆదివారం పదింటికి కోదండపాణి గారు, అటెండర్ నూకరాజు, ఇద్దరు సాక్షులు, లక్క, దారం, కొవ్వొత్తి వచ్చాయి. నూకరాజు చెప్పులు బయటే విప్పి, “అమ్మా, క్షమించాలండి” అన్నాడు. కోదండపాణి గారు చేతికి తొడుగులు వేసుకుని ఫ్రీజర్ తలుపు తీశారు. 

లోపల మూడు డబ్బాలు. మూడూ ఒకే కంపెనీ ఐస్‌క్రీము డబ్బాలు, ఒక్కదాన్లోనూ ఐస్‌క్రీము లేదు. మా ఇంట్లోనే కాదు, ఈ జిల్లాలో ఏ ఇంట్లో చూసినా అంతే. మూతలు తీస్తే మూడింట్లోనూ తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది. త్రిపుర నోరు తెరవబోయింది.

“మేడమ్ గారు మాట్లాడరాదు” అన్నారు కోదండపాణి గారు. “సర్క్యులర్‌లో నిబంధన ఏడు. పదార్థమును తయారు చేసిన వ్యక్తి ఆసక్తి గల పక్షము. ఉద్యోగి స్వయంగా గుర్తించి ధ్రువీకరించాలి. చెప్పండి అచ్యుతం గారూ, ఇందులో మీగడ ఏది?”

ఆ ఫ్రీజర్ కొని పదకొండేళ్లయింది. మంచినీళ్లలోకి ఐసుముక్కలు తీసుకోవడానికి తప్ప నేను అందులో చెయ్యి పెట్టలేదు. పద్దెనిమిది రోజుల మీగడంటే ఎక్కువ ఉంటుంది కదా అని అన్నిటికంటే నిండుగా ఉన్న డబ్బాను వాసన చూశాను. కొంచెం పుల్లగా తగిలింది. ఇదేనని తలూపాను. త్రిపుర నా వైపు అదోరకంగా చూసింది. కోపం అనుకున్నాను. తర్వాత చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

డబ్బా చుట్టూ అడ్డంగా నిలువుగా దారం కట్టి నాలుగు చోట్ల లక్క సీలు వేశారు. ‘పై డబ్బాలోనిది నా గృహమునకు చెందిన మీగడయేనని నా ఎరుకలో ధ్రువీకరించుచున్నాను’ అని నాచేత సంతకం చేయించారు. ఆఫీసులో ఫ్రీజర్ లేదు కాబట్టి డబ్బాను మళ్లీ మా ఫ్రీజర్‌లోనే పెట్టి, దానికి సంరక్షకుడిగా నన్నే నియమించారు. ఇంటి యజమానినైన నా దగ్గర మీగడను జప్తు చేశారు, ప్రభుత్వం తరఫున మళ్లీ నాకే అప్పజెప్పారు. రశీదు నేనే రాసి నేనే తీసుకున్నాను.

మర్నాటి నుంచి నా బతుకు రిజిస్టరు పాలైంది. రెండు గంటలకోసారి ఫ్రీజర్‌లో థర్మామీటరు చూసి రాయాలి. ఆఫీసు వేళల్లో ఎవరు రాస్తారని అడిగితే, సంరక్షక విధి కూడా ఆఫీసు విధియే కనుక ఇంటి దగ్గరే ఉండి రాయమన్నారు. మే నెల. కరెంటు రోజుకు రెండు సార్లు పోతోంది. పోయినప్పుడల్లా డబ్బాను కంబళిలో చుట్టి, చుట్టూ ఐసుముక్కలు పేర్చి, ‘విద్యుత్ అంతరాయ సమయమున మీగడ యథాతథ స్థితిలో ఉన్నది’ అని రాసేవాణ్ణి. నలభై రెండు డిగ్రీల ఎండలో కంబళి పట్టుకు కూర్చున్న నన్ను చూసి మా మనవడు కేరింతలు కొట్టేవాడు. ఇంట్లో నన్ను చూసి నవ్వే మనిషి వాడొక్కడే.

త్రిపుర మాత్రం మామూలుగానే పాలు కాస్తోంది, మీగడ తీస్తోంది. అది ఎక్కడ పెడుతున్నావని అడిగే ధైర్యం నాకు లేదు. ఒకసారి, “కొత్తగా తీస్తున్నది సరిపోతుందేమో కదా” అన్నాను నెమ్మదిగా.

“పది రోజుల మీగడకి ఎంత నెయ్యి వస్తుందో మీకు తెలుసా?” అంది.

“తెలీదు.”

“మీకేం తెలుసు ఈ ఇంట్లో?” అని లోపలికి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లలో ఆవిడ నన్ను అడిగింది తక్కువ. ఈసారి కోరుకుంది మనవడి కోసం ఒక్క డబ్బా మీగడ. దానికే నేను లక్క వేయించాను.

అందుకని డబ్బాను కరిగించడానికి అనుమతి కోరుతూ అర్జీ పెట్టాను. పరీక్ష అయిపోతే మిగిలిన మీగడను తిరిగి ఇస్తారని నిబంధన పదిహేను. నేను రాసిందే. కోదండపాణి గారు అర్జీ చదివి నిబంధనల పుస్తకం తెరిచారు.

“నిబంధన పదకొండు ప్రకారం పరీక్ష కరిగిన నమూనా మీదనే జరపాలి. నిబంధన పన్నెండు ప్రకారం కేసు ముగిసేవరకు నమూనాను గడ్డ కట్టిన స్థితిలోనే భద్రపరచాలి. నిబంధన పదమూడు, పరీక్ష జరగనిదే కేసు ముగియదు.”

“కరిగించి పరీక్ష చేసి, మళ్లీ గడ్డ కట్టిస్తే?”

“అదే కదండీ మనం నిషేధిస్తున్నది” అన్నారాయన బాధగా.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. దీనిమీద ఒక ఉపసంఘం వేశారు. ఆయన అధ్యక్షులు, మా లేబొరేటరీ అనలిస్టు సుగుణాకరం సభ్యుడు, నేను కార్యదర్శిని, మంచినీళ్లకు నూకరాజు. మొదటి సమావేశమంతా ‘కరిగినది’ అంటే ఏమిటన్న దానిమీదే నడిచింది. అంచు మెత్తబడితే కరిగినట్టా, నడిమధ్య మెత్తబడితే కరిగినట్టా?

“వేలు గుచ్చితే తెలిసిపోద్దండి” అన్నాడు నూకరాజు, గ్లాసులు పెడుతూ.

మినిట్స్‌లో ఇలా రాశాం: ‘వేలు అనునది ప్రమాణీకరింపబడిన పరికరము కానందున, బదులుగా ఒక స్టీలు చెంచా కొనుగోలు చేయుటకు తీర్మానించడమైనది.’

రెండో సమావేశంలో కోదండపాణి గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. డబ్బాలో పై సగం మాత్రమే కరిగించాలి. కింది సగం గడ్డగానే ఉంచాలి. పై సగంతో నిబంధన పదకొండు నెరవేరుతుంది, కింది సగంతో పన్నెండు. దానికి ‘పాక్షిక ద్రవీభవనము’ అని పేరు పెట్టారు. సుగుణాకరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నేను కార్యదర్శిని కాబట్టి కూర్చునే కొట్టాను. అప్పటికి అన్నప్రాశన ఐదు రోజులుంది.

మర్నాడు ఆఫీసులో టబ్బు నిండా దంచిన ఐసు పోసి, డబ్బాను సగం దాకా అందులో పాతిపెట్టారు. పైన టేబుల్ ఫ్యాను. లక్క పగలగొట్టి మూత తీసి అందరం చుట్టూ కూర్చున్నాం. అరగంటకోసారి సుగుణాకరం స్టీలు చెంచా గుచ్చి లోతు కొలిచి చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. పన్నెండు గంటలకు కరెంటు పోయింది. ఐసు గంటలో నీళ్లయింది. కిటికీలోంచి ఎండ సరిగ్గా డబ్బా మీద పడింది. మేం కదలలేదు, ఎందుకంటే నమూనాను మధ్యలో కదిలించరాదని నిబంధన ఉంది.

రెండున్నరకు నమూనా కదిలింది. నడిమధ్య ఒక బుడగ లేచి చిట్లింది. తర్వాత ఇంకోటి. కాసేపటికి డబ్బాలోని పదార్థం మెల్లిగా పైకి లేస్తూ అంచు దాటి టబ్బులోకి జారడం మొదలెట్టింది. గదంతా పుల్లటి వాసన. ఆ వాసన నాకు బాగా తెలుసు. ప్రతి ఆదివారం పొద్దున్న మంచం మీద ఉండగానే తగిలే వాసన. వంగి చూస్తే బుడగ పక్కన ఒక మెంతిగింజ కనిపించింది.

నూకరాజు నా చెవి దగ్గరకు వచ్చి, “బాబూ, ఇది దోసెల పిండండి” అన్నాడు. నేను వాడి కాలు తొక్కాను. అటెండర్ కాలు తొక్కడం నా సర్వీసులో అదే మొదటిసారి.

కోదండపాణి గారు ఇదేమీ వినే స్థితిలో లేరు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. “చూస్తున్నారా? మీగడ ప్రాణం పోసుకుంటోంది. సూక్ష్మజీవులు. నేను చెబుతూనే ఉన్నాను” అన్నారు. సుగుణాకరం పైనుంచి ఒక చెంచాడు తీసుకుని లేబొరేటరీలోకి పరిగెత్తాడు. నివేదిక సాయంత్రానికే వచ్చింది.

‘కొవ్వు: దాదాపు శూన్యము. పులుపు: తగినంత. పిండి పదార్థము: అధికము. అభిప్రాయము: గృహస్థాయిలో ఇరవై రోజులకు పైగా ఘనీభవింపజేసిన మీగడ, కరిగించిన పిమ్మట తనలోని కొవ్వును పూర్తిగా కోల్పోయి పిండిగా మారుచున్నది. సంరక్షకుని ధ్రువీకరణ ఉన్నందున నమూనా మీగడయే అనుటలో సందేహము లేదు.’

కోదండపాణి గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. మీగడ పిండిగా మారుతుందని ఇంతవరకూ ప్రపంచంలో ఎవరూ కనిపెట్టలేదన్నారు. జూన్‌లో రాష్ట్రస్థాయి సదస్సులో తానే స్వయంగా వివరిస్తానన్నారు. ఆధారం అడిగితే నా ధ్రువీకరణ పత్రం చూపిస్తారట. “మీ సంతకం చరిత్రలో నిలుస్తుంది” అని నా భుజం తట్టారు. చరిత్ర సంగతి దేవుడెరుగు, నేను ఆగస్టు ముప్పై ఒకటిన రిటైరవ్వాలి. దోసెల పిండిని మీగడని ధ్రువీకరించి ప్రభుత్వాన్ని మోసం చేశానని తేలితే సస్పెండ్ చేస్తారు, పింఛను ఆగిపోతుంది, విచారణ నేను పోయేదాకా సాగుతుంది. ఇలాంటి విచారణల ఫైళ్లు కొన్ని నేనే కదపకుండా పెట్టాను, నాకు తెలుసు.

ఇంటికి వెళ్లేసరికి త్రిపుర మనవడికి నూనె రాస్తోంది.

“అది దోసెల పిండి” అన్నాను.

“ఎండలకి పులిసిపోతోందని ఫ్రీజర్‌లో పెట్టాను. మిమ్మల్ని కదా అడిగారు. మీరే తలూపారు.”

“ఇన్నాళ్లూ చెప్పలేదేం? కంబళి పట్టుకుని కూర్చున్నాను కదా.”

“చెబితే మీరేం చేస్తారు? తిన్నగా వెళ్లి, ‘సార్, పొరపాటైంది, అసలు డబ్బా ఇదిగోండి’ అని ఇచ్చేస్తారు. మిమ్మల్ని నాకు తెలీదా?”

తెలుసు. అలాగే ఇచ్చేసేవాణ్ణి. అసలు మీగడ డబ్బా సీలు వేసిన డబ్బా పక్కనే, ప్రభుత్వ థర్మామీటరు కిందే ఇన్నాళ్లూ నిండుతూ ఉంది. నేను రెండు గంటలకోసారి చూసి రాసిన చల్లదనమంతా దానికే ఉపయోగపడింది. జరిగిందంతా చెప్పి, నా ఉద్యోగం సంగతీ చెప్పాను. ఆవిడ నూనె చెయ్యి కొంగుకు తుడుచుకుంది. “మన ఇంట్లో మీగడ ఉందని ఎవరికీ తెలియకపోతే సరి” అంది.

అన్నప్రాశన ముందురోజు పొద్దున్నే కిటికీలన్నీ మూసి చిలికాం. మిక్సీ చప్పుడు పక్కింటికి వినిపిస్తుందని కవ్వంతోనే చిలికాం. తాడు ఒక కొస నా చేతికిచ్చింది. చన్నీళ్లు పోసే కొద్దీ వెన్న తేలి, చేతికి అంటకుండా ముద్దకట్టింది. అది కాగుతుంటే మునగాకు చిటపటమంది, గసి గిన్నె అడుగున ఎర్రగా వేగింది. మూసిన వంటింట్లో ఆ వాసనకి నాకు కడుపు నిండిపోయింది. త్రిపుర చెమట తుడుచుకుంటూ, “ఎలా ఉంది?” అని అడిగింది. నెల రోజుల తర్వాత నన్ను మామూలుగా అడిగిన మాట అదే. బాగుంది అన్నాను. ఇంకా ఏదో అనాలనిపించింది కానీ అలవాటు లేదు.

మర్నాడు పాతికమంది చుట్టాలు వచ్చారు. మాణిక్యాంబ గారు రెండు కిలోల ప్యాకెట్ నెయ్యి పళ్లెంలో పెట్టి ఇచ్చారు. త్రిపుర నవ్వుతూ తీసుకుని వంటింట్లో పై అరలో పెట్టింది. ముహూర్తానికి పరమాన్నం మీద తన నెయ్యి వేసి, ఉంగరంతో వాడి నాలిక మీద రాసింది. వాడు చప్పరించి, ఇంకా కావాలని ఉంగరం పట్టుకు లాగాడు. త్రిపుర ముఖం చూడాలి ఆ క్షణాన. నాకు పెళ్లినాటి ముఖం గుర్తొచ్చింది.

అప్పుడు గేటు చప్పుడైంది. కోదండపాణి గారు, చేతిలో పిల్లాడికి వెండి గిన్నెతో. నేను పిలవలేదు. కానీ ఆఫీసులో ఎవరి ఇంట్లో శుభకార్యమైనా ఆయన పిలవకుండానే వస్తారు, మంచి మనిషి. ఆయన్ని పంక్తిలో కూర్చోబెట్టాం. పక్క విస్తరి మాణిక్యాంబ గారిది.

త్రిపుర పప్పు మీద నెయ్యి వేస్తూ వచ్చింది. మాణిక్యాంబ గారు ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. ఇంకో ముద్ద తిన్నారు. విస్తరి వైపు చూశారు, త్రిపుర వైపు చూశారు.

“వదినగారూ, ఒక మాట చెప్పనా. మా అమ్మ పోయాక ఇలాంటి నెయ్యి నేను మళ్లీ తినలేదు. ఊరికే అనడం లేదు. ఎక్కడిది ఇది? ఇంట్లో చేసిందేనా?” అన్నారు. 

చుట్టాలంతా తలెత్తి చూశారు. కోదండపాణి గారు కూడా తలెత్తారు, ముద్ద చేతిలోనే ఉంది. “అవునండీ, నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను. ఈ వాసన నాకు తెలిసినదే అనిపిస్తోంది” అన్నారు.

త్రిపుర నేతిగిన్నె పట్టుకుని నిలబడింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేనే చెప్పేసేవాణ్ణేమో. నిజం నా నాలిక చివరిదాకా వచ్చింది, పింఛనూ వచ్చింది, రెండూ అక్కడే ఆగిపోయాయి.

“ఇంట్లో ఎక్కడ కుదురుతుందండీ” అంది త్రిపుర. “మా మీగడంతా పాడైపోయింది కదా, సార్‌కి తెలుసు. ఇది ప్యాకెట్ నెయ్యే. మీరు తెచ్చిందే వదినగారూ.”

మాణిక్యాంబ గారి ముఖం వెలిగిపోయింది. “నేను చెప్పలా? మీరు అనవసరంగా ఇన్నేళ్లూ చేతులు నొప్పెట్టుకున్నారు. ఇకనుంచి నెలనెలా నేను పంపిస్తాను” అన్నారు. పంక్తిలో అందరూ ప్యాకెట్ నెయ్యి ఎంత మారిపోయిందో మాట్లాడుకోవడం మొదలెట్టారు. త్రిపుర తల వంచుకుని పక్క విస్తరికి వెళ్లి నెయ్యి వేసింది. ఆ పూట ఆవిడ భోజనం చెయ్యలేదు.

కోదండపాణి గారు సదస్సులో ప్రదర్శనకు పెట్టాలని ఖాళీ ప్యాకెట్ అడిగారు. నేను వంటింట్లోకి వెళ్లి, పై అరలోని ప్యాకెట్టు కత్తిరించి, నెయ్యి గిన్నెలోకి ఒంపేసి, కవరు కడిగి తెచ్చి ఇచ్చాను. 

జూన్‌లో సదస్సు విజయవంతమైంది. మీగడ పిండిగా మారడం మీద ప్రశ్న వేసినవాళ్లు లేరు. ఇంటి మీగడ మానేసి ప్యాకెట్‌కు మారిన తొలి గృహిణిగా త్రిపురకు ‘ఆదర్శ గృహలక్ష్మి’ పురస్కారం ప్రకటించారు. మా ఊరి టౌన్‌హాల్లో సభ. వెళ్లనంటే నా సంతకం మీద ఎక్కడ అనుమానం వస్తుందోనని వెళ్లింది. మాణిక్యాంబ గారు పాలకొల్లు నుంచి పనిగట్టుకు వచ్చి ముందు వరసలో కూర్చుని ఫోన్‌లో వీడియో తీశారు. శాలువా కప్పారు, ప్రశంసాపత్రం ఇచ్చారు. కోదండపాణి గారు మైకు ఆవిడ చేతికిచ్చి, “మీగడ మానేశాక మీ జీవితంలో వచ్చిన మార్పు గురించి రెండు ముక్కలు చెప్పండమ్మా” అన్నారు.

త్రిపుర మైకు పట్టుకుని హాలంతా ఒకసారి చూసింది. వియ్యపురాలి దగ్గర కాస్త ఎక్కువసేపు చూసింది.

“మావారు ఆగస్టు ముప్పై ఒకటిన రిటైరవుతున్నారు” అంది. “పింఛను కాగితాలు చేతికొచ్చాక మళ్లీ ఇదే మైకు ఇవ్వండి. అప్పుడు చెబుతాను.”

ఆవిడ సిగ్గుపడుతోందనుకుని కోదండపాణి గారు ముందుగా చప్పట్లు కొట్టారు.